మోర్గాన్ కొత్త రూపం: సూపర్‌స్పోర్ట్ వచ్చాక మన అభిప్రాయాలు

వూస్టర్‌వాసి (బర్మింగ్‌హామ్):

మిత్రులకు నమస్కారం. మాల్వెర్న్‌లో చేతిపనితో కార్లు చేసే బ్రిటిష్ కంపెనీ మోర్గాన్ నుంచి 2025 మార్చిలో సూపర్‌స్పోర్ట్ అనే కొత్త కారు వెలువడినప్పటి నుంచి ఇక్కడి మోర్గాన్ అభిమానులు రెండు వర్గాలుగా చీలిపోయారు. పొడవాటి బానెట్, విడిగా ఉబికి కనిపించే మడ్‌గార్డులు, వాటి నుంచి తలుపు కిందుగా సాగే మెట్టు, ఇవి చూసి ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టే కారు ఇప్పుడు నునుపుదేరింది. దానికి తోడు బయటి నుంచి తెరుచుకునే డిక్కీ, తీసి పెట్టుకోగల హార్డ్‌టాప్ కూడా వచ్చాయి. నేను మీ నుంచి తెలుసుకోవాలనుకున్నవి నాలుగు. రూపాన్ని ఇంతగా మార్చడం సబబేనా? ఆరు సిలిండర్ల మోర్గాన్‌ను మాన్యువల్ గేర్లు లేకుండా అమ్మడాన్ని మీరు ఒప్పుకుంటారా? యాష్ కలప చట్రం ఇంకా ఎంతకాలం ఉండాలి? ఇక నాలుగోది నా సొంత విషయం: మోర్గాన్ వారి చిన్న ఇంజిన్ కారు ప్లస్ ఫోర్‌ను కొత్తది తీసుకోవాలా, లేక 2020కి ముందు వచ్చిన ఉక్కు ఛాసీ (ఇంజిన్‌ను, చక్రాలను మోసే అడుగు నిర్మాణం) కారును వెతుక్కోవాలా?

ఫ్లాట్‌రాడ్ (లెస్టర్):

రూపం గురించి ఇంత ఆందోళన అనవసరం. 1950ల మొదట్లో నిటారుగా నిలబడే రేడియేటర్‌ను తీసేసి దాని స్థానంలో వంపు తిరిగిన గ్రిల్ పెట్టినప్పుడు కూడా అభిమానులు ఇది మోర్గాన్ కాదన్నారు. ఇవాళ అదే వంపు గ్రిల్‌ను మనం సంప్రదాయం అంటున్నాం. నన్ను నిజంగా బాధించేది వేరు. 1909లో కంపెనీ స్థాపకుడు హెచ్.ఎఫ్.ఎస్. మోర్గాన్ తన తొలి మూడు చక్రాల బండికి అమర్చిన స్లైడింగ్ పిల్లర్ ముందు సస్పెన్షన్, అంటే చక్రం నిలువు కడ్డీ మీద పైకీ కిందికీ జారే ఏర్పాటు, శతాబ్దం దాటి బతికింది. దాన్ని కూడా, 1936 నుంచి వచ్చిన ఉక్కు ఛాసీని కూడా 2020లో ఒకేసారి పక్కన పెట్టేశారు. అప్పుడు బయటి రూపం దాదాపు అలాగే ఉంది కాబట్టి ఎవరూ పెద్దగా నోరెత్తలేదు. అసలు తెగిపోయింది ఆ రోజు. సూపర్‌స్పోర్ట్‌ను చూసి ఇప్పుడు కన్నీళ్లు పెట్టుకునేవారు అయిదేళ్లు ఆలస్యంగా వచ్చారు.

గుంటూరు_గేర్ (హైదరాబాద్):

నేను ఈ కారును దగ్గరగా చూడలేదు, కానీ ఒక విషయం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. చెక్క ఛాసీ మీద 335 హార్స్‌పవర్ బీఎమ్‌డబ్ల్యూ ఇంజిన్‌ను కూర్చోబెట్టి, నాలుగు సెకన్ల లోపే వంద కిలోమీటర్ల వేగం అందుకునేలా చేసి, దాన్ని సంప్రదాయం అని పిలవడం ప్రమాదకరం కాదా? మన దేశంలో దిగుమతి సుంకం కట్టి ఇలాంటి కారు తెప్పించుకునేవారు ముందుగా ఆలోచించవలసింది భద్రత గురించి.

ఎన్‌వీహెచ్ (చెన్నై):

ఈ చెక్క ఛాసీ కథను ఇకనైనా ఆపండి. నేను వాహనాల బాడీ నిర్మాణ రంగంలో పనిచేసేవాణ్ణి కాబట్టి బాధ్యతతో చెబుతున్నాను: నాలుగు చక్రాల మోర్గాన్ ఛాసీ ఏనాడూ చెక్కది కాదు. 1936లో ఫోర్-ఫోర్ వచ్చిన నాటి నుంచి అది ఉక్కుతో చేసిన నిచ్చెన ఛాసీ. 2000లో ఏరో 8తో అల్యూమినియం పలకలను జిగురుతోనూ రివెట్లతోనూ అతికించే పద్ధతి మొదలైంది. 2019లో ఆరు సిలిండర్ల ప్లస్ సిక్స్‌తో వచ్చిన సీఎక్స్ వేదిక, అంటే కొత్త అల్యూమినియం ఛాసీ, దాని తరువాతి తరం. సీ అంటే రోమన్ అంకెల్లో నూరు, ఎక్స్ అంటే పది, కంపెనీకి నూట పదేళ్లు నిండిన గుర్తుగా ఆ పేరు పెట్టారు. ఢీకొన్నప్పుడు బలాన్ని మోసేది ఆ అల్యూమినియమే. చెక్క అనేది పై రేకును పట్టుకుని ఉండే చట్రం మాత్రమే. నా వృత్తిపరమైన అభిప్రాయం ఏమిటంటే, అది ఇవాళ కొనుగోలుదారుల మనోభావాల కోసం మిగిలింది. తీసేసి అల్యూమినియం చట్రం పెడితే కారుకు నష్టమేమీ లేదు.

చెక్కపని (కోవెంట్రీ):

ఎన్‌వీహెచ్ గారూ, మొదటి సగం నిజం, రెండో సగం పుస్తకాల్లో నేర్చిన గర్వం. మా ఇంట్లో తాతల నాటి నుంచి వడ్రంగమే వృత్తి, నేను కూడా ఈ దేశంలో పాత కార్ల చెక్క చట్రాలు బాగుచేసే పనిలోనే ఉన్నాను. యాష్ కలపను అలంకారమని ఎలా అనగలిగారు? క్రికెట్ స్టంపులు, సుత్తి పిడులు, గొడ్డలి పిడులు ఇక్కడ ఆ కలపతోనే చేస్తారు, ఎందుకంటే అది దెబ్బకు పగలకుండా వంగి మళ్లీ నిలబడుతుంది. మాల్వెర్న్ కార్ఖానాలో వెనుక చక్రం మీది వంపును ఎలా చేస్తారో చూశారా? పలుచని పట్టీలకు జిగురు పూసి, ఒకదానిపై ఒకటి పేర్చి, పాత అచ్చులో బిగించి ఆరబెడతారు. ఆ వంపు మీద రేకు కూర్చుంటుంది, ఎక్కడ తేడా వచ్చినా పనివాడు చేత్తో చిత్రిక పట్టి సరిచేస్తాడు.

ఇందులో మనోభావం కంటే లెక్క ఎక్కువ ఉంది. లక్షల కార్లు చేసే కంపెనీ ఉక్కు అచ్చుల మీద పెట్టిన ఖర్చును లక్షల మీద పంచుకుంటుంది. ఏడాదికి కొన్ని వందల కార్లు చేసే చోట ఆ ఖర్చు పంచుకోవడానికి కార్లేవి? అక్కడ చెక్కే చవక, చెక్కే సులువు. తలుపు పక్కన నిలువు కొయ్య పుచ్చిపోతే ఆ ఒక్క ముక్కను మార్చి బండిని నిలబెట్టవచ్చు. మీ జిగురు అల్యూమినియం ఒక మూల వంగితే ఎక్కడ బాగుచేస్తారో చెప్పండి.

ఎన్‌వీహెచ్ (చెన్నై):

నన్ను పుస్తకాల మనిషి అనడం అనవసరం. జిగురుతో అతికించిన అల్యూమినియంను శిక్షణ ఉన్న కేంద్రాల్లో బాగుచేస్తారు, అది మంత్రమేమీ కాదు. అసలు ప్రశ్న కలప దొరకడం గురించి. యాష్ చెట్లను చంపే శిలీంధ్ర వ్యాధిని బ్రిటన్‌లో 2012లో గుర్తించారు, అప్పటి నుంచి అది దేశమంతా వ్యాపించింది. మీరు అంతగా పొగిడే కలప రాబోయే తరానికి ఇదే నాణ్యతతో దొరుకుతుందని హామీ ఇవ్వగలరా?

చెక్కపని (కోవెంట్రీ):

ఏడాదికి కొన్ని వందల కార్లకు ఎంత కలప పడుతుందో ఒకసారి లెక్క వేసుకోండి. రోగాన్ని తట్టుకుని నిలబడే చెట్లు కూడా ఉన్నాయి, వాటి విత్తనాలతో కొత్త మొక్కలను పెంచే పని జరుగుతోంది. చెట్టుకు జబ్బు చేసిందని చేతిపనిని చంపమనడం న్యాయం కాదు. నాకు కోపం వస్తున్న మాట నిజమే, దాన్ని దాచుకోను.

గుంటూరు_గేర్ (హైదరాబాద్):

ఛాసీ సంగతి వివరించినందుకు ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే గాలి సంచుల (ఎయిర్‌బ్యాగుల) మాట ఇద్దరూ ఎత్తనే లేదు.

ఎయిర్‌కూల్డ్ (ఫ్రాంక్‌ఫర్ట్):

చెక్క గురించి మాట్లాడుతూ ముఖాన్ని మరిచిపోతున్నారు. కారు ముఖం మారితే ఎంత దుఃఖం కలుగుతుందో పోర్షే అభిమానిగా నాకు తెలుసు. 1997లో పోర్షే స్పోర్ట్స్ కారు 911ను నీటితో చల్లబరిచే ఇంజిన్‌కు మార్చారు, అది ఉద్గారాల నిబంధనల కోసం తప్పలేదు, మేం ఒప్పుకున్నాం. కానీ గుండ్రని హెడ్‌లైట్లను తీసేసి అదే కంపెనీ చవక కారు బాక్‌స్టర్‌తో పంచుకునే దీపాలు పెట్టడాన్ని మాలో చాలామంది క్షమించలేదు. 2004లో వచ్చిన తరువాతి తరానికి గుండ్రని దీపాలు తిరిగి వచ్చాయి. మోర్గాన్‌కు కూడా ఇదే అనుభవం ఉంది. ఏరో 8కు ఫోక్స్‌వాగన్ బీటిల్ దీపాలను అమర్చారు, దానితో ఆ కారు మెల్లకన్నుతో చూస్తున్నట్టు కనిపించింది. తరువాత వాటిని మార్చవలసి వచ్చింది. అంత మంచి ఛాసీని, అంత మంచి 4.4 లీటర్ల వీ8ను జనం కళ్ల దగ్గరే ఆగిపోయి చూడలేదు. సూపర్‌స్పోర్ట్‌లో ఆ పొరపాటు జరగలేదు. దీపాలు గుండ్రంగా ఉన్నాయి, చూపు నిటారుగా ఉంది. అందువల్ల నేను ఈ మార్పు వైపే ఉన్నాను.

బుల్లెట్‌బండి (నరసాపురం):

మీరందరూ విదేశీ కార్ల గురించి చెబుతున్నారు, మా దగ్గర ఇదే వేదన రాయల్ ఎన్‌ఫీల్డ్‌తో జరిగింది. ముందు కుడికాలి గేరును ఎడమకు మార్చారు. తరువాత పోత ఇనుము ఇంజిన్ పోయింది, ఇంజిన్‌ను గేర్‌బాక్సును ఒకే పెట్టెలో పెట్టారు, 2020 తరువాత మళ్లీ కొత్త 350 ఇంజిన్ వచ్చింది. ట్యాంకు, సీటు, హెడ్‌లైట్ మీది టోపీ మాత్రం అలాగే ఉంచారు. మోర్గాన్ 2019, 2020ల్లో చేసింది కూడా సరిగ్గా ఇదే కదా? పాత చొక్కా తొడిగి మనిషిని మార్చేశారు. ఆ శబ్దం మాత్రం తిరిగి రాలేదు.

ఫ్లాట్‌రాడ్ (లెస్టర్):

బుల్లెట్‌బండి గారు నా మనసులోని మాటను నాకంటే బాగా చెప్పారు.

ఎయిర్‌కూల్డ్ (ఫ్రాంక్‌ఫర్ట్):

నేను ఒప్పుకోను. కొత్త 350 ఇంజిన్ వల్ల చమురు కారడం తగ్గింది, వణుకు తగ్గింది, ఇంటి నుంచి బయలుదేరినవాడు గమ్యం చేరుతున్నాడు. పాత బండి మీద ప్రేమ ఉన్నవారు పాత బండినే ఉంచుకోవచ్చు, కానీ కంపెనీని కూడా పాతగానే ఉండమని శాసించే హక్కు వారికి లేదు.

బుల్లెట్‌బండి (నరసాపురం):

ఆ బండి మీద మా నాన్నగారు గోదావరి గట్టున తిరిగిన రోజుల్లో చమురు కారినా ఇంటికే చేరారు అన్నయ్యా. హక్కుల మాట మీరు ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను: ఆ పేరుకు విలువ తెచ్చింది ఎవరు? పాత బండ్లను కాపాడుకున్న మేమే.

పెట్టుబడి_లెక్క (లండన్):

కంపెనీ బతకాలి కదా అనే మాట ఒక్కరూ అనలేదు. 1990లో బీబీసీ కార్యక్రమంలో పారిశ్రామికవేత్త సర్ జాన్ హార్వీ-జోన్స్ మాల్వెర్న్‌కు వెళ్లి ఉత్పత్తి పెంచండి, పద్ధతులు మార్చండి అని సలహా ఇచ్చారు. స్థాపకుడి కుమారుడు పీటర్ మోర్గాన్ ఆ సలహాను తోసిపుచ్చారు. ఏళ్ల తరబడి వేచి ఉండే కొనుగోలుదారుల వరుసే తమ భద్రత అని ఆ కుటుంబం నమ్మింది, అప్పటికి ఆ నమ్మకం చెల్లింది కూడా. కానీ 2019లో మెజారిటీ వాటా ఇన్వెస్ట్‌ఇండస్ట్రియల్‌ అనే పెట్టుబడి సంస్థ చేతికి వెళ్లింది, కుటుంబానికి చిన్న వాటా మిగిలింది. కొత్త వేదిక కూడా ఆ ఏడాదే వచ్చింది, 2022లో మూడు చక్రాల సూపర్ 3 వచ్చింది, 2024లో ఇటలీ డిజైన్ సంస్థ పినిన్‌ఫరీనాతో కలిసి యాభై కార్లకే పరిమితమైన మిడ్‌సమ్మర్ వచ్చింది. మిడ్‌సమ్మర్‌ను శ్రద్ధగా చూసినవారికి సూపర్‌స్పోర్ట్ ఆశ్చర్యం కలిగించి ఉండదు.

మార్పు అంటే ఎప్పుడూ లాభమేనని నేను అనడం లేదు. 1960లలో ఫైబర్‌గ్లాస్ బాడీతో ప్లస్ ఫోర్ ప్లస్ అనే, పైకప్పు తెరుచుకోని కారు చేశారు, ఇరవై ఆరు మాత్రమే తయారయ్యాయి. అదే కాలంలో, 1962లో, పాత ఆకారపు ప్లస్ ఫోర్ ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల పందెంలో రెండు లీటర్ల తరగతి గెలిచింది. కొనేవాళ్లు ఏది మోర్గాన్ అని అప్పుడే తేల్చేశారు. తేడా ఎక్కడంటే, ప్లస్ ఫోర్ ప్లస్ పాత ముఖాన్ని పూర్తిగా విడిచిపెట్టింది, సూపర్‌స్పోర్ట్ విడిచిపెట్టలేదు.

కాలిఫోర్నియా_కారు (శాన్ హోసే):

మా కష్టం మీకు తెలియదు. అమెరికాలో మోర్గాన్ ప్రేమికుడి చరిత్ర అంతా నిబంధనల చరిత్రే. 1970లలో ఉద్గారాల చట్టాలు కఠినమైనప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక దిగుమతిదారు ఈ కార్లను ప్రొపేన్ గ్యాస్‌తో నడిచేలా మార్చి అమ్మారు. తరువాత గాలి సంచుల నిబంధన వచ్చింది, నేను కోరుకున్న నాలుగు చక్రాల మోర్గాన్ ఏళ్ల తరబడి ఇక్కడ కొనడానికే వీల్లేకపోయింది. చివరికి నేను సూపర్ 3 కొన్నాను, ఎందుకంటే మూడు చక్రాలు కాబట్టి అది ఇక్కడ మోటార్‌సైకిల్ లెక్కలోకి వస్తుంది. ఫోర్డ్ మూడు సిలిండర్ల 1.5 లీటర్ల ఇంజిన్, అల్యూమినియం మోనోకాక్ (ఛాసీ, బాడీ ఒకటిగా ఉండే నిర్మాణం), ముందు చక్రాల లోపలి నుంచి కనిపించే సస్పెన్షన్ చేతులు. మోర్గాన్‌లు అన్నింటిలో ఇంత ధైర్యంగా గీసిన కారు మరొకటి లేదని నా గట్టి నమ్మకం. పాతదాన్ని అనుకరించకుండా పాత ఆత్మను నిలిపిన పని అది. సూపర్‌స్పోర్ట్ దాని ముందు కొంచెం జంకినట్టే కనిపిస్తుంది.

ఫ్లాట్‌రాడ్ (లెస్టర్):

2011లో తిరిగి వచ్చిన త్రీ వీలర్‌లో ఎస్ అండ్ ఎస్ కంపెనీ వీ-ట్విన్ (రెండు సిలిండర్ల) ఇంజిన్ బండి ముందు బయటే, గాలిలో, అందరికీ కనిపిస్తూ ఉండేది. దాన్ని బాడీ లోపల దాచేసిన కారును ధైర్యం అనడం నాకు బాధ కలిగిస్తోంది.

కాలిఫోర్నియా_కారు (శాన్ హోసే):

ఎండాకాలం ట్రాఫిక్‌లో ఆ వీ-ట్విన్ వెనుక కూర్చున్నవారు ఈ మాట అనరు.

వూస్టర్‌వాసి (బర్మింగ్‌హామ్):

పెద్దలందరికీ కృతజ్ఞతలు. వాదన చాలా విలువైనదే, కానీ నా నాలుగో ప్రశ్నకు ఇంతవరకు ఒక్క జవాబు రాలేదు. ఒక అమ్మకందారు దగ్గర 2000 తరువాతి ఉక్కు ఛాసీ ప్లస్ ఫోర్ ఒకటి చూశాను. రంగు బాగుంది, కానీ తలుపు మూసినప్పుడు కొద్దిగా పైకి ఎత్తి మూయవలసి వస్తోంది. అమ్మేవారు మోర్గాన్‌లన్నీ ఇంతేనని సర్దిచెప్పారు.

పాతరెంచి (కార్డిఫ్):

అన్నీ ఇంతే అన్న మాట నమ్మకండి. తలుపు వాలిందంటే బిజాగరీ అయినా అరిగి ఉండాలి, దాన్ని మోసే నిలువు కొయ్య అడుగు భాగమైనా మెత్తబడి ఉండాలి. తివాచీ ఎత్తించి, ఆ కొయ్య మొదట్లో సన్నని స్క్రూడ్రైవర్ మొనతో సున్నితంగా నొక్కి చూడండి. గట్టిగా ఉంటే భయం లేదు. దిగబడితే ధరను గురించి మళ్లీ మాట్లాడాలి. తరువాత ముందు చక్రాలను పైకి లేపించి పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి, స్లైడింగ్ పిల్లర్‌లో అరుగుదల అక్కడ చేతికి తెలుస్తుంది. దానికి గ్రీజు తరచుగా పెట్టినవాడి బండి, పెట్టనివాడి బండి పూర్తిగా వేరు. పూర్వపు కార్లలో ఇంజిన్ నూనెను కాలితో నొక్కి ఆ పిల్లర్లకు పంపే ఏర్పాటు ఉండేది. అంటే డ్రైవరుకు కూడా ఆ బాధ్యతలో వాటా ఉండేది. నేను ఉక్కు ఛాసీనే కొనమంటాను, చెక్కను చూడగల మనిషి దగ్గరలో ఉంటే మాత్రమే.

చెక్కపని (కోవెంట్రీ):

వూస్టర్‌వాసి గారూ, బర్మింగ్‌హామ్ నుంచి కోవెంట్రీ ఎంత దూరం? కొనేముందు ఆ బండిని నాకు చూపించండి, రుసుము అక్కర్లేదు.

ఎన్‌వీహెచ్ (చెన్నై):

రెండో ప్రశ్నను అందరూ దాటవేశారు కాబట్టి నేను చెబుతాను. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల బీఎమ్‌డబ్ల్యూ ఇంజిన్ 500 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది, దానికి ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ మాత్రమే జతచేశారు. రెండు లీటర్ల ప్లస్ ఫోర్‌లో ఆటోమేటిక్‌కు 400 ఇచ్చి, ఆరు గేర్ల మాన్యువల్‌కు 350కి తగ్గించారు. కాగితం మీద మాన్యువల్ బలహీనంగా కనిపిస్తుంది, కానీ టన్నుకు కాస్త పైచిలుకు బరువున్న కారుకు 350 చాలా ఎక్కువ. మలుపుకు ముందు గేరును తన చేత్తో ఎంచుకోవాలనుకునేవారికి నాలుగు చక్రాల కొత్త మోర్గాన్‌లలో ప్లస్ ఫోర్ మాన్యువల్ ఒక్కటే దారి. నేనైతే కొత్తదే తీసుకుంటాను. చెక్కపని గారు ఎంత కోప్పడినా, అందులోనూ ఆయన కలప ఉంది.

ఫ్లాట్‌రాడ్ (లెస్టర్):

కలప ఉంది, పిల్లర్ లేదు. వూస్టర్‌వాసి గారు పాతదే కొనాలి.