పాత అంబాసిడర్‌కి బ్రేక్ లైట్లు మసక: ఎల్ఈడీ వేద్దామా, వద్దా?

పలమనేరు_మార్క్3:
అన్నలకు నమస్కారం. మాది 1978 అంబాసిడర్, మా నాయన బండి. ఇప్పుడు నేనే నడుపుతా ఉండా. పోయిన వారం పొద్దుగూకే వేళ మొగిలి ఘాట్ దిగతా బ్రేకేస్తే, ఎనకొచ్చే లారీ డిక్కీ మీదికి వచ్చినంత పనయింది. బంగారుపాళ్యం టీ కొట్టుకాడ ఆ డ్రైవరే చెప్పినాడు: "ఉత్త టెయిల్ లైటు అనుకున్నా, నువ్వు బ్రేకేసినట్టే తెలీలే" అని. బల్బులు కొత్తవే. పోయినేడు పెయింటు కూడా కొట్టించినా. ఎల్ఈడీ బల్బులు వేసేదా?

అలిపిరి_రైడర్:
వేసేయ్ తమ్ముడూ. దీనికి చర్చ దేనికి?

చిత్తూరు_ఒరిజినల్:
చర్చ ఉండాది. పెయింటు కొట్టించినా అంటివే, సగం జవాబు ఆడే ఉండాది. ఈ బండ్లలో బల్బు హోల్డరుకు ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగిపోయే దారి, బాడీ నుంచే అందాల. లైటు బిగించే స్క్రూ కింద పెయింటు పడితే ఎర్త్ తెగినట్టే. బ్రేకు నొక్కినప్పుడు ఆ పక్క ఇండికేటర్ కూడా సన్నగా వెలగతా ఉంటే ఇంక అనుమానమే వద్దు. వైరు ముక్క ఒకటి తీసుకోని హోల్డరు రేకు నుంచి బ్యాటరీ నెగటివ్‌కి తాకించి చూడు. అప్పుడు లైటు పెరిగితే తప్పు బల్బుది కాదు. రోగం ఒకటుంటే మందు ఇంకోటి వేయొద్దు.

సైకిల్_షాపు:
35 వాట్ల బల్బు వేస్తే సరిపోదా?

చిత్తూరు_ఒరిజినల్:
వేడికి ఆ ప్లాస్టిక్ గ్లాసు కరిగిపోతుంది సామీ. 21/5 వాట్లదే ఉండాల, ఒకే బల్బులో బ్రేకుకు 21, టెయిల్ లైటుకు 5.

అలిపిరి_రైడర్:
ఎర్త్ బాగు చేస్తే మంచిదే, కాదనలే. మామూలు బల్బులో ఫిలమెంటు కాగి పూర్తిగా వెలిగేదానికి సుమారు 0.2 సెకన్లు పడుతుంది, ఎల్ఈడీ నొక్కీ నొక్కకముందే వెలుగుతుంది. 80 కిలోమీటర్ల స్పీడులో ఎనకొచ్చే లారీ ఆ 0.2 సెకన్లలో నాలుగు మీటర్లకు పైగా వచ్చేస్తాది. ఘాట్‌లో నాలుగు మీటర్లంటే ఏంటో లారీవాళ్లను అడగండి.

చిత్తూరు_ఒరిజినల్:
ముందు వోల్టేజీ కొలవమను. బల్బు తీసేసి కొలిస్తే 12 చూపిస్తాది, అది నమ్మద్దు. బల్బు వెలగతా ఉండగానే, బ్రేకు మీద ఒకరు కాలు పెట్టుంటే కొలవాల. 12 వోల్టులు అందాల్సిన చోట 10.5 అందితే వెలుగు ఎనిమిదో వంతు తగ్గి ఆగదు, మూడో వంతుకు పైగా పోతుంది.

అలిపిరి_రైడర్:
నేను టైము గురించి చెప్తుంటే నువ్వు వోల్టేజీ కాడే ఉండావు.

చిత్తూరు_ఒరిజినల్:
ఉంటాను. ఎందుకో కూడా చెప్తా. నా పద్మిని కారుకి ఎల్ఈడీ వేస్తానని ఒక షాపాయన డిక్కీలో ఒరిజినల్ వైరింగు కోసి, టేపు చుట్టి ఇచ్చినాడు. ఎండాకాలంలో ఆ టేపు జిగురు కారి వైర్లు ఒకదానికొకటి తగిలి ఫ్యూజు పోయింది. రేణిగుంట దాటినాక చీకట్లో ఎనకాల ఒక్క లైటు లేకుండా నిలబడినా. ఆ వైరింగు సెట్టు మళ్లీ దొరకలే.

రాయలచెరువు:
అది షాపువాడి తప్పు. ఎల్ఈడీ ఏం చేసింది?

అలిపిరి_రైడర్:
అదే నేనూ అంటా ఉండా! నీ బండి షెడ్డులో గుడ్డ కప్పుకోని ఉంటాది. నెలకొకసారి దేవుడి రథం మాదిరి బయటికి తీస్తావు. ఈ తమ్ముడు రోజూ ఘాట్ దిగాల. నీ బాధ వైరు గురించి, ఆయన బాధ ప్రాణం గురించి.

చిత్తూరు_ఒరిజినల్:
మాటలు చూసి రాయి. నేను కూడా పిల్లల్ని ఎక్కించుకునే తిరుగుతా. చేతికొచ్చిందల్లా తగిలించి బండి పాడు చేసినాక, "పాతబండి, ఇంతే" అని తుక్కుకు అమ్మేది మీరే. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఇంక ఉండేవి ఉండేవే.

అలిపిరి_రైడర్:
నడిపేదానికి చేసిన బండిని నడిపేవాడికి తగినట్టు పెట్టుకోవాల. అద్దాల పెట్టెలో పెట్టేదానికి కాదు.

కాణిపాకం_ఎలక్ట్రీషియన్:
ఇద్దరూ ఆగండి. లారీ డ్రైవరు ఏమన్నాడో మళ్లీ చదవండి. లైటు లేదనలే, టెయిల్ లైటనుకున్నా అన్నాడు. 5 వాట్ల వెలుక్కీ 21 వాట్ల వెలుక్కీ తేడా కనబడలేదన్నమాట. చౌక ఎల్ఈడీ వేస్తే ఆ తేడా ఇంకా తగ్గొచ్చు, రెండూ ఒకే మాదిరి వెలుగుతాయి. తెల్ల ఎల్ఈడీ అయితే అసలే వద్దు, దాంట్లో ఎరుపు తక్కువ కాబట్టి ఎర్రగ్లాసు దాటేసరికి వెలుగు చచ్చిపోతుంది. ఎర్రదే వేయాల. పాత లైట్లకు ఎనకాల రిఫ్లెక్టర్ ఉంటాది. ఎల్ఈడీ వెలుగు దాని మీద పడకపోతే మధ్యలో ఒక చుక్క మాత్రం మెరుస్తాది. ఇంకోటి, హోల్డరు అరిగిపోయుంటే బల్బు తిరగేసి కూడా దూరుతుంది. అప్పుడు బ్రేకేస్తే 5 వాట్ల ఫిలమెంటే వెలుగుతుంది. బల్బు పక్కనుండే రెండు పిన్నులు ఒకే ఎత్తులో ఉండవు, పెట్టేటప్పుడు అది చూసుకోండి.
ఇవన్నీ చేసినాక కూడా చాలకపోతే ఎనక అద్దం లోపల మూడో బ్రేక్ లైటు పెట్టుకోండి. అమెరికాలో 1986 మోడల్ కార్ల నుంచి అది తప్పనిసరి. బాడీకి బెజ్జం అక్కర్లేదు.

పలమనేరు_మార్క్3:
అన్నా, ఈరోజు చూసినా. బ్రేకు నొక్కితే కుడి ఇండికేటర్ సన్నగా వెలగతా ఉండాది. వెలుగుతుండగా హోల్డరు కాడ 10.3, బ్యాటరీ కాడ 12.4. స్క్రూ విప్పితే కింద నిండా పెయింటే. ఎమరీ పేపరుతో రుద్ది, విడిగా ఎర్త్ వైరు లాగితే 11.9 వచ్చింది. తేడా బాగా తెలుస్తా ఉండాది.

చిత్తూరు_ఒరిజినల్:
చూస్తిరా?

అలిపిరి_రైడర్:
రాత్రికి సరే. మధ్యాహ్నం ఎండ నేరుగా గ్లాసు మీద పడితే?

పలమనేరు_మార్క్3:
అదే చూసినా. 12 గంటల ఎండలో తమ్ముణ్ని ఎనకాల నిలబెట్టి అడిగితే, తేరిపార చూస్తే గానీ తెలీలేదన్నాడు. మూడో లైటు పెడతా. మా అమ్మను డయాలసిస్‌కి చిత్తూరు తీసకపోయేది ఈ బండిలోనే, ఆమె ఎనక సీట్లోనే కూచుంటుంది. ఒరిజినల్ అన్నా, మీకు బాధ అనిపించినా నేను పెట్టక తప్పదు.

చిత్తూరు_ఒరిజినల్:
ఆ మాట ముందే చెప్పాల్సింది. పెట్టు. అయితే వైరు కోయొద్దు. డిక్కీలో టెయిల్ లైటు కనెక్టరుకాడే కలుపు. ఆదివారం నేనే వస్తా, వైరు చివర క్లిప్పు నొక్కే క్రింపు టూలు తెస్తా.

అలిపిరి_రైడర్:
ఆ మూడోది ఎల్ఈడీనే కదా వేసేది?

చిత్తూరు_ఒరిజినల్:
అది బండిలో భాగం కాదు. విప్పితే వచ్చేస్తాది. హోల్డర్లలో మాత్రం బల్బులే ఉంటాయి.