బంతి తగలకపోయినా స్ట్రైకేనా?

గోదావరి గట్టు: మా మనవడు టెక్సస్‌లో బేస్‌బాల్ ఆడుతున్నాడు. ఆ ఆటలో ఒక సంగతి నాకు మింగుడుపడడం లేదు. పిల్లవాడు బ్యాటు ఊపి బంతిని అందుకోలేకపోతే అంపైరు ‘స్ట్రైక్’ అంటాడు. అసలు బ్యాటు కదపకుండా నిలబడ్డా ఒక్కోసారి అదే మాట. స్ట్రైక్ అంటే కొట్టడం కదా? క్రికెట్‌లో స్ట్రైక్ దక్కడం కోసం సింగిల్స్ తీస్తారు, ఇక్కడేమో అది పడితే తల్లిదండ్రులు ఉసూరుమంటారు. తెలిసినవారు చెప్పండి.

రెండో స్లిప్: అక్కడ అది బ్యాటరుకు పడే మచ్చ అండీ, మూడు పడితే ఔట్. 1845 నాటి న్యూయార్క్ నికర్‌బాకర్ క్లబ్బు నియమాల్లోనే దీని మూలం ఉంది. మూడు బంతులు కొట్టబోయి తప్పిపోయి, చివరిదాన్ని ఎవరైనా పట్టుకుంటే ఔట్ అని రాసుకున్నారు. అంటే లెక్క దెబ్బకు కాదు, ప్రయత్నానికి. దాంతో కొందరు గడుసువాళ్లు తమకు నచ్చిన బంతి వచ్చేదాకా బ్యాటు ఎత్తకుండా ఆటను సాగదీశారు. అందుకే 1858లో మంచి బంతిని ఊరికే వదిలేసినా స్ట్రైక్ ఇవ్వవచ్చని నియమం తెచ్చారు.

నాన్ స్ట్రైకర్: ఆ ‘మంచి బంతి’కి హద్దులున్నాయి. బ్యాటరు పక్కన నేల మీద ఉండే 17 అంగుళాల వెడల్పు ప్లేటు మీదుగా రావాలి. ఎత్తు మోకాలిచిప్ప కింది నుంచి, భుజాలకూ ప్యాంటు పైఅంచుకూ సరిగ్గా నడుమ వరకు. బంతి తగిలి ఫౌల్ గీత (మైదానం పక్క హద్దు) అవతల పడినా మొదటి రెండుసార్లు స్ట్రైకే. క్రికెట్‌లో బీట్ అయితే బౌలరు తల పట్టుకుంటాడు, బ్యాటరు గ్లవ్స్ సర్దుకుంటాడు, అంతే. మన ఆట బ్యాటరును మరీ గారాబం చేస్తుందని నా అభిప్రాయం.

కొత్త బంతి: స్వింగ్ సంగతీ అంతే. మనకు స్వింగయ్యేది బంతి. అక్కడి వ్యాఖ్యాత స్వింగ్ బాగుందంటే మెచ్చుకున్నది బ్యాటరు విసురును. పిచర్ (అక్కడి బౌలరు) బంతి కూడా వంకర తిరుగుతుంది కానీ అది ప్రధానంగా స్పిన్ వల్ల. మన బంతికి సీమ్ (కుట్టు), ఒకవైపు మెరుపు కావాలి. కొత్తగా ఉన్నప్పుడు నునుపు వైపు నుంచి గరుకు వైపు పోతుంది. బాగా పాతబడ్డాక, వేగం కూడా ఉంటే, నునుపు వైపే తిరుగుతుంది. అదే పాకిస్తాన్ బౌలరు సర్ఫ్‌రాజ్ నవాజ్ ఇమ్రాన్ ఖాన్‌కు నేర్పిన రివర్స్ స్వింగ్.

పాత స్కోరర్: స్కోరు కాగితం చూడండి, స్ట్రైకౌట్‌కు, అంటే మూడు స్ట్రైకులతో ఔటవడానికి, ‘కె’ అని రాస్తారు. ఆ గుర్తు పెట్టిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో మొదట క్రికెట్ వార్తలు రాసినవాడు. ‘స్ట్రక్’లో గట్టిగా వినిపించేది ‘కె’ అని దాన్ని ఎంచుకున్నాడు. ఇక మన స్ట్రైక్ రేటు మాత్రం తక్కువ తికమకా? బ్యాటరుకు 150 అంటే వంద బంతులకు 150 పరుగులు, చప్పట్లు. బౌలరుకు 150 అంటే వికెట్టుకు 150 బంతులు, జట్టులో చోటు గల్లంతు.

ఎర్రజెండా: సమ్మెను స్ట్రైక్ అనడం కూడా కొట్టడం వల్ల కాదు. 1768లో లండన్ నావికులు జీతాల కోసం ఓడల తెరచాపలు దించేసి పని ఆపారు. తెరచాప దించడాన్నీ స్ట్రైక్ అనేవారు.

నాన్ స్ట్రైకర్: ఇది ఆటల విభాగం అండీ!

గోదావరి గట్టు: అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్క సందేహం. నిన్న మూడో స్ట్రైక్ పడ్డాక కూడా మావాడు మొదటి బేస్‌కు (పరుగులో మొదటి మజిలీకి) పరుగెత్తాడు, ఔట్ ఇవ్వలేదు. ఎందుకని?

రెండో స్లిప్: క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) బంతిని జారవిడిచి ఉంటాడు. 1845లో ‘పట్టుకుంటే’ అని పెట్టిన షరతు ఇంకా బతికే ఉంది. మొదటి బేస్ ఖాళీగా ఉన్నా, అప్పటికే ఇద్దరు ఔటై ఉన్నా బ్యాటరు పరుగెత్తవచ్చు. మరీ చిన్నపిల్లల పోటీల్లో కొన్నిచోట్ల ఈ నియమం వర్తించదు, కోచ్‌ను అడిగి చూడండి.