టోంగా, సమోవా బలం సొంతమా, అరువా? 2026 రగ్బీ లీగ్ ప్రపంచ కప్ మీద చర్చ

చార్మినార్ 13:

2026 అక్టోబరులో ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ప్రపంచ కప్ మొదలవుతుంది. ఇప్పటిదాకా జరిగిన 16 కప్పుల్లో 12 ఆస్ట్రేలియావే. మిగిలిన వాటిలో 3 గ్రేట్ బ్రిటన్, 1 న్యూజిలాండ్. ఈసారి పసిఫిక్ దీవుల దేశాలైన సమోవానో టోంగానో గెలిచేస్తుందని చాలామంది గట్టిగా నమ్ముతున్నారు. నాకు ఆ నమ్మకం లేదు.

ఆ జట్లలో ఎక్కువమంది పెరిగింది ఆక్లండ్, సిడ్నీ, బ్రిస్బేన్‌లలో. ఆట నేర్పింది అక్కడి క్లబ్బులు. తాత పుట్టిన ఊరి పేరు చెప్పి జెర్సీ వేసుకుంటే ఆ దేశంలో ఆట ఎదిగినట్టా? జట్టు భవిష్యత్తు అంటే ఊళ్ళో మైదానాలు, బడి పిల్లలు, జీతమిచ్చి పెట్టుకున్న కోచ్‌లు. అవి లేనిచోట నలుగురు స్టార్లు వచ్చి చేరితే అది ఆ నలుగురి బలం, దేశం బలం కాదు. వాళ్ళ మనసు మారితే జట్టే ఉండదు. ఆస్ట్రేలియాను ఆపితే న్యూజిలాండే ఆపాలి. 2023లో హామిల్టన్‌లో 30-0తో చిత్తు చేసింది వాళ్ళే. ఆస్ట్రేలియా చరిత్రలో అంత పెద్ద ఓటమి లేదు. 2025లో పసిఫిక్ దేశాల కప్ ఫైనల్లో సమోవాను 36-14తో ఓడించిందీ వాళ్ళే.

పడమటి సిడ్నీ:

అన్నా, న్యూజిలాండ్ గురించి మీరన్నది నిజమే. మిగతాది ఒప్పుకోను.

ఈ కుటుంబాలు ఆక్లండ్‌కు ఎందుకు వచ్చాయో ముందు చూడండి. యుద్ధం తర్వాత న్యూజిలాండ్ ఫ్యాక్టరీలకు మనుషులు కావాలి, సమోవా, టోంగాల నుంచి రప్పించుకున్నారు. 1970లలో పనులు తగ్గేసరికి వీసా గడువు దాటిందంటూ తెల్లవారుజామున ఇళ్ళ మీద పోలీసులు పడ్డారు. దానికి న్యూజిలాండ్ ప్రభుత్వం 2021లో క్షమాపణ చెప్పింది. అలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు వీళ్ళు. ఇంట్లో ఆ భాష, ఆదివారం ఆ చర్చి, పెళ్ళికీ చావుకీ ఆ ఆచారాలే. వీళ్ళు ఏ జెర్సీ వేసుకోవాలో మనం ఎలా తేలుస్తాం?

మేముండేది వెంట్వర్త్‌విల్ దగ్గర. టూంగాబీ, వెస్ట్‌మీడ్, బ్లాక్‌టౌన్, ఈ చుట్టుపక్కలంతా తెలుగువాళ్ళు ఉన్నారు, పసిఫిక్ కుటుంబాలూ ఉన్నాయి. 2024 నవంబరులో పారమట్టాలో టోంగా, ఆస్ట్రేలియాల మధ్య పసిఫిక్ దేశాల కప్ ఫైనల్ జరిగింది. సొంతగడ్డ మీద ఆడుతున్న ఆస్ట్రేలియాకు వినపడాల్సిన గోల అంతా టోంగాకు వినపడింది. స్టాండ్లలో ఎటు చూసినా టోంగా ఎరుపే. చర్చి పాటలు మొదలైతే పైవరుస దాకా అందరూ గొంతు కలిపారు. ఆ రోజు ఆస్ట్రేలియా 20-14తోనే గట్టెక్కింది.

ఇక నలుగురు స్టార్ల మాట. 2017లో జేసన్ టౌమలోలో న్యూజిలాండ్‌ను వదిలి, ఆండ్రూ ఫిఫిటా ఆస్ట్రేలియాను వదిలి టోంగాకు వచ్చారు. పెద్ద జట్టులో వచ్చే మ్యాచ్ ఫీజు పోతుందని తెలిసే వచ్చారు. ఆ ఏడాదే న్యూజిలాండ్‌ను 28-22తో ఓడించారు. 2019లో గ్రేట్ బ్రిటన్ మీద 14-6, వారం తిరిగేసరికి ఆస్ట్రేలియా మీద 16-12. మరి మనసు మారి ఎంతమంది వెనక్కి పోయారు? వలస ఇప్పటికీ ఇటువైపే. ఆస్ట్రేలియాకు ఆడిన పేన్ హాస్ 2025లో సమోవా జెర్సీ వేసుకున్నాడు.

లీడ్స్ నుంచి:

నమస్తే. నేను ఇంగ్లండ్ వైపు నుంచి మాట్లాడతాను. ఇక్కడ ఆ జట్టు కోసం మాట్లాడేవాళ్ళు ఎవరూ కనపడటం లేదు.

పసిఫిక్ జట్లు అంత గొప్పవైతే 2023లో టోంగా ఇక్కడికి వచ్చి 3-0తో ఎందుకు ఓడింది? 2024లో సమోవా 2-0తో ఎందుకు ఓడింది? విగన్‌లో 34-18, లీడ్స్‌లో 34-16. ఒక్కో ఆటగాడిని విడిగా చూస్తే సమోవా వాళ్ళే మెరుగు, అది నేనూ ఒప్పుకుంటా. కానీ మా ఇంగ్లండ్ వాళ్ళు ఒకే పద్ధతిలో డిఫెన్స్ ప్రాక్టీస్ చేసి వచ్చారు. 2022 ప్రపంచ కప్ సెమీస్‌లో సమోవా 27-26తో గెలిచింది కదా అంటారు. అది అదనపు సమయంలో ఒక్క ఫీల్డ్ గోల్, అంటే బంతిని గోల్‌పోస్టుల మధ్యకు తన్నితే వచ్చే ఒక్క పాయింటు. నాలుగు వారాల ముందు న్యూకాసిల్‌లో ఇదే సమోవాను మేం 60-6తో కొట్టాం.

అయితే ఇంగ్లండ్ భవిష్యత్తు బాగుందని మాత్రం చెప్పలేను. 2025లో ఆస్ట్రేలియాతో రగ్బీ లీగ్ యాషెస్ మూడు టెస్టులూ చూశాక బాధ తప్ప ఏం మిగల్లేదు. 26-6, 14-4, 30-8. మూడు మ్యాచుల్లో కలిపి మేం చేసింది 18 పాయింట్లు. డిఫెన్స్‌లో మరీ తీసిపోలేదు. బంతి చేతిలో ఉన్నప్పుడు ఏం చేయాలో తోచలేదు. మా క్లబ్బుల సూపర్ లీగ్ వేగం ఒకటి, ఆస్ట్రేలియా క్లబ్బుల లీగ్ వేగం ఇంకొకటి. ఇక్కడ వారం వారం దొరికే ఆ అర సెకను వెసులుబాటు అక్కడ దొరకదు.

పడమటి సిడ్నీ:

లీడ్స్ అన్నా, మీరు చెప్పిన 60-6, 27-26లోనే నా వాదన అంతా ఉంది.

2022 అక్టోబరు 2న సిడ్నీలో ఆస్ట్రేలియా క్లబ్బుల లీగ్ ఫైనల్. పెన్రిత్ గెలిచింది. సమోవాకు ఆడే జరోమ్ లువాయ్, బ్రయన్ టోఓ, స్టీవెన్ క్రైటన్ ఆ జట్టువాళ్ళే. ఓడిన పారమట్టాలో సమోవాకే ఆడే జూనియర్ పౌలో ఉన్నాడు. అక్టోబరు 15న న్యూకాసిల్‌లో ఇంగ్లండ్‌తో మొదటి మ్యాచ్. రెండు వారాలు కూడా లేవు. అందులోనే సంబరాలు, విమానం, మైదానంలో వాడే కొత్త పిలుపులు. ఎవరు ఎవరి పక్కన నిలబడాలో తెలియని జట్టు అరవై పాయింట్లు ఇచ్చుకుంది. నాలుగు వారాలు కలిసి ఉన్నాక అదే మనుషులు అదే ఇంగ్లండ్‌ను ఓడించారు. క్రైటన్ రెండు ట్రైలు (బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనించడం) చేసి, చివర్లో గెలిపించిన ఫీల్డ్ గోల్ కూడా తనే కొట్టాడు. ఆటగాళ్ళ నాణ్యత నెలలో మారలేదు, కలిసి ఉన్న సమయం మారింది.

కొత్తగా చూసేవాళ్ళకు ఒక్క మాట. ఈ ఆటలో బంతి పట్టిన జట్టుకు ఆరు ట్యాకిళ్ళ (బంతి పట్టినవాణ్ణి పట్టి ఆపడం) వరకే అవకాశం. ఐదు అయ్యాయంటే మామూలుగా కిక్ కొట్టేస్తారు. ఆ కిక్ ఎక్కడ పడాలి, ఎవరు పరుగెత్తాలి అన్నది నిర్ణయించేది హాఫ్‌బ్యాక్. ముందు వరుసలో గుద్దుకుంటూ పోయే భారీ ఫార్వర్డ్‌లు టోంగా, సమోవాలకు ఎప్పుడూ కొదవ లేదు. హాఫ్‌బ్యాక్, ట్యాకిల్ తర్వాత బంతి అందించే హుకర్, అందరి వెనకా ఉండే ఫుల్‌బ్యాక్ మాత్రం కలిసి ఆడితేనే కుదురుతారు. ఆస్ట్రేలియాలో నేథన్ క్లియరీ, హ్యారీ గ్రాంట్ లాంటివాళ్ళు చిన్నప్పటి నుంచి ఈ పనే చేస్తున్నారు.

టోంగా ఈ సంగతి ముందే పట్టుకుంది. ఐసాయా కటోవాను 18 ఏళ్ళకే, ఆస్ట్రేలియా లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడకముందే ప్రపంచ కప్‌లో దింపింది. రెండేళ్ళకు ఆక్లండ్‌లో న్యూజిలాండ్‌ను 25-24తో ఓడించినప్పుడు ఆఖర్లో ఆ ఒక్క పాయింటు కొట్టింది కటోవాయే. భవిష్యత్తు కోసం పనిచేయడం అంటే నాకు తెలిసి ఇదే.

కొబ్బరాకు:

అందరూ పపువా న్యూ గినీని ఎందుకు వదిలేస్తున్నారు? చార్మినార్ గారు అడిగినవన్నీ ఉన్న దేశం అది. అక్కడ రగ్బీ లీగే జాతీయ క్రీడ. ఆ దేశపు హంటర్స్ జట్టు 2014 నుంచి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్ర పోటీ అయిన క్వీన్స్‌లాండ్ కప్‌లో ఆడుతోంది, 2017లో గెలిచింది కూడా. జస్టిన్ ఓలమ్ కొండ ప్రాంతం పల్లె నుంచి వచ్చి, ఫిజిక్స్ డిగ్రీ చదివి, హంటర్స్‌కు ఆడి, మెల్బోర్న్ జట్టుతో 2020 టైటిల్ గెలిచాడు. 2028 నుంచి వాళ్ళ జట్టు ఆస్ట్రేలియా లీగ్‌లోనే ఉంటుంది. దానికి ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్ళలో 60 కోట్ల డాలర్లు ఇస్తోంది.

చార్మినార్ 13:

కొబ్బరాకు గారు, నేను అడిగింది సరిగ్గా ఇదే. ఊళ్ళోంచి పైదాకా దారి ఉండాలి.

పడమటి సిడ్నీ తమ్ముడూ, నీ మాటల్లో సమయం సంగతి బాగుంది. కానీ 2025లో టోంగా సమోవా చేతిలో 34-6, న్యూజిలాండ్ చేతిలో 40-14తో ఓడింది. ఏడాది ముందు ఫైనల్ ఆడిన జట్టు ఇలా కూలిపోతే దాన్ని నిలకడ అంటావా? నిలకడ లేకపోవడానికి కారణం ఇంట్లో పునాది లేకపోవడమే అంటాను నేను.

పడమటి సిడ్నీ:

పునాదే సరిపోతే, 2024లో న్యూజిలాండ్ చేతిలో పపువా న్యూ గినీ 54-12తో ఎందుకు ఓడింది? పునాది ఉండి కూడా ప్రతి వారం గట్టి మ్యాచులు ఆడే ఆటగాళ్ళు చాలినంతమంది లేకే కదా. 2028 తర్వాత ఆ లోటు తీరితే వాళ్ళ కథ వేరుగా ఉంటుంది, అందుకు నాకూ చాలా ఆశ ఉంది. టోంగా, సమోవాలకు కష్టం దీనికి తలకిందులు. గట్టి ఆటగాళ్ళు నిండుగా ఉన్నారు, ఏడాదికి దేశం తరఫున దొరికేవి మాత్రం రెండు మూడు మ్యాచులే. అంత తక్కువ ఆడితే ఒక హాఫ్‌బ్యాక్‌కు దెబ్బ తగిలినా ఆ ఏడాది పోయినట్టే.

ఫ్రాన్స్‌లో 2025లో జరగాల్సిన కప్ డబ్బుల్లేక ఆగిపోయింది. దేశాల ఆటను ఇన్నేళ్ళూ క్లబ్బుల క్యాలెండర్‌లో మిగిలిన తేదీల్లో సర్దుతూ వచ్చారు. దానికి మూల్యం చెల్లిస్తున్నది చిన్న దేశాలే.

నా అంచనా అడిగితే, ఫేవరెట్ ఆస్ట్రేలియానే. ఆ తర్వాత న్యూజిలాండ్, సమోవా దాదాపు సమానం. ప్రపంచ కప్ అంటే కనీసం నెల రోజులు ఒకే చోట ఉంటారు కాబట్టి సమోవా మొదటి మ్యాచ్ కన్నా సెమీస్‌లో చాలా బాగా ఆడుతుందని నా నమ్మకం. టోంగా అవకాశాలు మాత్రం కటోవా ఫిట్‌నెస్ మీదే ఉన్నాయి.

లీడ్స్ నుంచి:

ఇంగ్లండ్‌ను లిస్టులో కూడా పెట్టలేదు తమ్ముడూ! సెమీస్ దాకా వస్తాం, రాసిపెట్టుకో. అక్కడ సమోవా ఎదురైతే మాత్రం ఆ 27-26 బాకీ తీర్చుకునే అవకాశం వదులుకోం.