చాలా ఏళ్ల తర్వాత ఇంటర్వ్యూ, గ్యాప్ గురించి ఏం చెప్పాలి?

ప్రశ్న: పాప పుట్టాక అకౌంట్స్ ఉద్యోగం మానేశాను. ఇప్పుడు తను హైస్కూల్‌కి వచ్చింది. వచ్చే వారం నాకు ఇంటర్వ్యూ. "ఇన్నాళ్లూ ఏం చేశారు?" అంటారేమోనని ఒకటే టెన్షన్. ఆ పనంటే నాకు ప్రాణం అండి.

జవాబు: తప్పకుండా అడుగుతారండి. ఉన్నదున్నట్టు క్లుప్తంగా చెప్పి, వెంటనే పని విషయంలోకి వెళ్లిపోండి. సంజాయిషీ వద్దు. లింక్డిన్‌లో 2022 నుంచి కెరీర్ బ్రేక్ చూపించే వీలు కూడా ఉంది, దాచక్కర్లేదు.

మరో జవాబు: అక్కా, ముందు ఎక్సెల్ తెరవండి. ఇప్పుడు పట్టికలో కావాల్సిన విలువ వెతికి తెచ్చే ఎక్స్‌లుకప్ (XLOOKUP) ఫార్ములా వచ్చింది. పాత వీలుకప్ (VLOOKUP) లా కాకుండా, ఎడమవైపు కాలమ్‌లోంచి కూడా విలువ తెస్తుంది. తర్వాత పాత ఉద్యోగంలో మీరు తేల్చిన ఒక చిక్కు తీసుకుని పరిస్థితి, మీ బాధ్యత, చేసిన పని, ఫలితం వరుసలో పైకి చెప్పి చూసుకోండి. మనసులో అనుకుంటే చాలదు.

ప్రశ్న అడిగినవారు: బ్యాంక్ రీకన్సిలియేషన్‌లో, అంటే మన లెక్కల్ని బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో సరిచూసేటప్పుడు, ఎవరికీ అంతుపట్టని తేడా నేను పట్టుకున్నాను. అదే చెప్తాను. ఎక్స్‌లుకప్ ఈ రాత్రే మొదలుపెడతాను.