ఆరడుగుల అయిదంగుళాల మనిషికి విమానంలో ఏ సీటు మంచిది?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. దేవరకొండ బస్సులోనే మోకాళ్లు పక్కకు తిప్పి కూర్చుంటాను. పోయినసారి శంషాబాద్ నుంచి దుబాయ్ వెళ్తుంటే ముందాయన సీటు వాల్చాడు, ప్రాణం పోయింది. ఇప్పుడు అమెరికాలో బిడ్డ దగ్గరికి పోవాలి. టెన్షన్‌గా ఉంది.

జవాబు: అన్నా, ఎగ్జిట్ వరుస, అంటే అత్యవసర ద్వారం పక్క వరుస అడుగు. మామూలు ఎకానమీలో వరుసల మధ్య దూరం 30 అంగుళాల అటూఇటూ. అక్కడ ఎక్కువ. కొన్ని సీట్లు వెనక్కి వాలవు, ముందే అడిగి చూసుకో. బ్యాగు పైనే పెట్టాలి.

మరో జవాబు: ముందు ఇంకో సీటు లేకుండా గోడ ఉండే సీటు మాత్రం వద్దు. నా కాళ్లు గోడకే తగిలాయి. పైగా పసిపిల్లల ఉయ్యాలలు తగిలించేది అక్కడే, రాత్రంతా ఏడుపులు!

అడిగినాయన: తిరుగు ప్రయాణంలో మనవడు నా ఒళ్లోనే వస్తాడు మరి.

మొదటి జవాబు: అయితే అప్పుడు గోడ సీటే. ఎగ్జిట్ దగ్గర పసిపిల్లల్ని కూర్చోనివ్వరు.