డైటెటిక్స్ పాఠం చెప్పేవాళ్ళు ఆసుపత్రిలో పనిచేసి ఉండాలా?

కావలి నాన్న:

మా అమ్మాయి ఫుడ్స్ అండ్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చేస్తోంది. అందులో డైటెటిక్స్, అంటే ఏ జబ్బుకు ఏం తినాలో చెప్పే విద్య, ఒక భాగం. ఈ వేసవిలో నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళింది. మూడో రోజు రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. డయాలసిస్ చేయించుకుంటున్న ఒక పెద్దాయన దగ్గరికి పంపారట. చక్కగా చార్టు రాసుకుని వెళ్ళింది. ఆయన ఆ కాగితం పక్కన పెట్టి, "అమ్మణ్ణీ, ఇవన్నీ నాకెందుకుగానీ, చేపల పులుసు తినొచ్చా, తినకూడదా? అది చెప్పు చాలు" అన్నాడట. చేపలో ప్రోటీన్ ఎంతో మా పిల్లకు తెలుసు. చింతపండులో పొటాషియం ఎక్కువనీ తెలుసు. ఆయనకు ఏం చెప్పాలో మాత్రం తెలియలేదు. "మా మేడమ్‌ని అడిగి చెబుతానండీ" అని వచ్చేసింది.

తర్వాత వాళ్ళ డిపార్ట్‌మెంటులో ఎవరెవరు చెబుతున్నారని అడిగాను. ఐదుగురు. ఒకరిది ఫుడ్ కెమిస్ట్రీ, ఒకరు చిరుధాన్యాల బిస్కెట్ల మీద పీహెచ్‌డీ చేశారు, ఒకరు మైక్రోబయాలజీ, ఇద్దరు హోమ్ సైన్స్ నుంచి వచ్చారు. అందరూ బాగా చదువుకున్నవాళ్ళే, ఆ మాట నేను కాదనను. కానీ రోగి మంచం పక్కన ఉద్యోగం చేసినవాళ్ళు ఒక్కరూ లేరు. మెడికల్ కాలేజీలో పొద్దున ఓపీ చూసిన డాక్టరే మధ్యాహ్నం పాఠం చెబుతాడు. నర్సింగ్ టీచర్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వార్డుకు వెళతారు. డైటెటిక్స్‌కు మాత్రం ఎందుకు అక్కర్లేదు? కనీసం రెండేళ్ళ ఆసుపత్రి అనుభవం తప్పనిసరి చేయాలని నా అభిప్రాయం. కాదనేవాళ్ళు ఎందుకో చెప్పండి.

నెల్లూరు లెక్చరర్:

నేను ఈ సబ్జెక్టు 18 ఏళ్ళుగా చెబుతున్నాను. ఆసుపత్రిలో ఒక్క రోజు కూడా ఉద్యోగం చేయలేదు. మీ అమ్మాయి ఏడ్చిందంటే బాధగా ఉంది, కానీ తప్పంతా టీచర్ల గతానిదే అన్నట్టు రాశారు. దానికి జవాబు చెప్పాలి.

పోషకాహార శాస్త్రం అంటే డైట్ చార్టు ఒక్కటే కాదండీ. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో తమిళనాడులోని కూనూరులో మొదలైంది. రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు బెరిబెరి (విటమిన్ బి1 లోపంతో వచ్చే జబ్బు) మీద పరిశోధన కోసం ఒక చిన్న గదిలాంటి చోట ప్రారంభించారు. 1958లో హైదరాబాద్ వచ్చింది. అక్కడ బయోకెమిస్టులు, డాక్టర్లు, గణాంకాల వాళ్ళు అందరూ కలిసి పనిచేస్తేనే మనకు ఈ రోజు ఏ తిండిలో ఏముందో చెప్పే పట్టికలు వచ్చాయి. 2017లో వచ్చిన ఆహార పట్టికల్లో 528 పదార్థాలున్నాయి. ఆ అంకెలు ప్రయోగశాలలో పుట్టినవే.

ఇక హోమ్ సైన్స్ అంటే వంటల కోర్సు అని చాలామంది చిన్నచూపు చూస్తారు. ఈ రాష్ట్రంలో పోషకాహారాన్ని క్లాసురూముకు, అంగన్‌వాడీకి తెచ్చింది ఆ చదువు చదివిన ఆడవాళ్ళే. ఎమ్మెస్సీలో బయోకెమిస్ట్రీ ఉంటుంది, ఫుడ్ మైక్రోబయాలజీ ఉంటుంది, స్టాటిస్టిక్స్, కమ్యూనిటీ న్యూట్రిషన్ ఉంటాయి. ఎంజైముల పాఠం చెప్పడానికి రెండేళ్ళ ఆసుపత్రి ఎందుకు? యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2018 నిబంధన ప్రకారం టీచరు కావాలంటే పీజీలో 55 శాతం, నెట్ లేదా సెట్ అనే అర్హత పరీక్ష, లేదంటే పీహెచ్‌డీ. ఆ పరీక్షలు ఊరికే దాటలేదు మేము.

ఒంగోలు డైటీషియన్:

మేడమ్, మీ మీద గౌరవంతోనే రాస్తున్నాను. నేను 11 ఏళ్ళుగా ఆసుపత్రిలో ఉన్నాను.

ముందు ఆ పెద్దాయన సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ చర్చంతా అందులోనే ఉంది. డయాలసిస్ మొదలుకాక ముందు కిడ్నీ రోగికి ప్రోటీన్ తగ్గించమంటాం. డయాలసిస్ మొదలయ్యాక కిలో బరువుకు రోజుకు 1.0 నుంచి 1.2 గ్రాముల దాకా తినమంటాం, ఎందుకంటే రక్తం శుద్ధి అయ్యేటప్పుడు అమైనో ఆమ్లాలు కూడా పోతాయి. ఇది పుస్తకంలో ఉంది, మీరూ చెప్పే ఉంటారు. పుస్తకంలో లేనిది ఏమిటంటే, ఆయన చొక్కా జేబులో రెండేళ్ళ కిందటి కాగితం మడిచి ఉంటుంది. అందులో "పప్పు, గుడ్డు, చేప తగ్గించండి" అని ఉంటుంది. ఆయన ఇంకా దాన్నే పాటిస్తుంటాడు, నీరసపడిపోతుంటాడు. ఆ కాగితం అడిగి చూడాలని వార్డులో తిరిగినవాళ్ళకే తడుతుంది.

నేనైతే ముందు పొటాషియం, ఫాస్ఫరస్ రిపోర్టు చూస్తాను. అవి అదుపులో ఉంటే, "రెండు ముక్కలు తినండి. పులుసు అన్నంలో పోసుకోవద్దు, ముక్కకు పట్టిందే చాలు. ఎండుచేప, ఊరుమిరపకాయ జోలికి పోవద్దు" అంటాను. ఈ మాట ఆయనకు కాదు, పక్కన సంచి పట్టుకుని నిలబడ్డ ఇంటావిడకు చెబుతాను. కూరగాయలు చిన్న ముక్కలు కోసి ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోయమనేది కూడా ఆవిడకే. నెల్లూరు మనిషికి చేపల పులుసు పూర్తిగా మానమంటే మీ ఎదుట తల ఊపుతాడు, ఇంటికెళ్ళి గిన్నెడు పోసుకుంటాడు.

ముక్కు గొట్టం ఫీడ్ చూడండి, అంటే నోటితో తినలేని రోగికి ముక్కులోంచి వేసిన గొట్టంతో పోసే ఆహారం. క్యాలరీలు లెక్కకట్టడం అందరికీ వచ్చు. పలచన చేస్తే బలం చాలదు, చిక్కగా చేస్తే గొట్టం మూసుకుపోతుంది, రాత్రి రెండింటికి నర్సు మనల్ని తిడుతుంది. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి, పోశాక నీళ్ళతో గొట్టం కడగాలి. ఇవి ఒకసారి కళ్ళతో చూసినవాళ్ళు చెబితే పిల్లలు జీవితంలో మర్చిపోరు.

అసలు మాట నియామకాల్లో ఉంది. 2018 యూజీసీ నిబంధనల్లో యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు షార్ట్‌లిస్టు మార్కుల పట్టిక చూడండి. పీహెచ్‌డీకి 30, పరిశోధన పేపర్లకు 10, బోధన లేదా పోస్ట్ డాక్టరల్ అనుభవానికి 10. వార్డులో గడిపిన ఏళ్ళకు గడే లేదు. నా 11 ఏళ్ళకు సున్నా మార్కులు. నాలాంటిదాన్ని ఎవరో ఆపక్కర్లేదు, ఆ పట్టికే ఆపేస్తుంది.

పొదిలి రైతుబిడ్డ:

నేను ఈ చదువు చదవలేదు. అయినా ఒక మాట.

మాది పొదిలి దగ్గర పల్లె. ఫ్లోరోసిస్, అంటే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్ళు చెడే జబ్బు, మన దేశంలో ఉందని 1937లో వైద్య పత్రికలో మొదటిసారి రాసింది మా నేల గురించే. అప్పట్లో పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేవి, 1970లో ప్రకాశం ఏర్పడింది. డాక్టర్ల కంటే ముందు రైతులే ఎద్దులు కాళ్ళు లాగుతున్నాయని గమనించారని మా పెద్దలు చెబుతారు. మా తాత 50 ఏళ్ళకే మెడ తిప్పలేకపోయాడు. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాల్సిందే.

నా చిన్నప్పుడు ఊళ్ళో ఒక క్యాంపు పెట్టి తిండి గురించి చెప్పారు. రోజుకు అర లీటరు పాలు తాగమన్నారు. ఆపిల్ తినమన్నారు. మా ఇంట్లో పాలన్నీ కేంద్రానికి పోస్తాం, ఆ డబ్బులతోనే ఉప్పూ పప్పూ. మా అమ్మ ఆ కాగితం మడిచి దూలం సందులో పెట్టింది, అంతే. తిండిలో కాల్షియం, విటమిన్ సి తక్కువైన చోట ఫ్లోరైడ్ దెబ్బ ఎక్కువగా ఉంటుందని నేను చాలా ఏళ్ళకు తెలుసుకున్నాను. రాగుల్లో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మునగాకు చేనుగట్టునే ఉంది. ఉసిరికాయ కొండ మీద ఉంది. టీలో కూడా ఫ్లోరైడ్ ఉంటుందని, రోజుకు ఆరు గ్లాసులు తాగే మా తాతకు ఎవరూ చెప్పలేదు. కాబట్టి ఆసుపత్రా, ప్రయోగశాలా అని మీరు వాదించుకుంటుంటే నాకు మా ఊరు గుర్తొస్తోంది. మా పొయ్యి చూసినవాళ్ళు మీ కాలేజీల్లో ఎందరున్నారు?

ఎమ్మెస్సీ రెండో ఏడు:

మాకు రెండూ అనుభవమే. ఒక సెమిస్టర్‌లో ఆసుపత్రి నుంచి గెస్ట్‌గా ఒక మేడమ్ వచ్చేవారు. కేసులు చెబుతుంటే గంట ఎలా గడిచేదో తెలిసేది కాదు. కానీ కిడ్నీ చెడితే ఫాస్ఫరస్ ఎందుకు పెరుగుతుంది, దానివల్ల ఎముకలకు ఏమవుతుంది అని అడిగితే, "అదంతా మీ థియరీ మేడమ్ చెబుతారు" అనేవారు. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. అనుభవం ఉన్నంత మాత్రాన పాఠం రాదు. ఇది కూడా లెక్కలోకి తీసుకోండి.

ఒంగోలు డైటీషియన్:

చెల్లీ, నువ్వన్నది నిజం. నేను మొదటిసారి గెస్ట్ క్లాసుకు వెళ్ళినప్పుడు నాకూ అదే జరిగింది. ఆ రాత్రి పాత నోట్సు తీసి విటమిన్ డి, ఒంట్లో కాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ గ్రంథి సంగతి మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఆసుపత్రిలో రోజూ చేసే పనికి కారణం మెల్లగా మనసులోంచి జారిపోతుంది. అయినా నా వాదన మారదు. మేడమ్ జాతీయ సంస్థ చరిత్ర చెప్పారు కదా, ఆ సంస్థను నడిపిన సి. గోపాలన్ గారు డాక్టరు. జొన్నన్నం తినేవాళ్ళకు పెల్లాగ్రా (నియాసిన్ అనే విటమిన్ లోపంతో వచ్చే జబ్బు) ఎందుకొస్తోందని రోగులను చూసే అడిగారు, ఆ ప్రశ్న పట్టుకుని ప్రయోగశాలలో జొన్నల్లోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం దాకా వెళ్ళారు. ప్రశ్న మంచం దగ్గర పుట్టింది.

నెల్లూరు లెక్చరర్:

గోపాలన్ గారి మాట ఒప్పుకుంటాను. కానీ ఆయనకు వార్డు, ల్యాబు రెండూ అందుబాటులో ఉన్నాయి. మాకేముంది? నాలుగేళ్ళ కిందట ఒక ఆసుపత్రిని అడిగాను, వేసవి సెలవుల్లో రెండు నెలలు జీతం లేకుండా మీ డైట్ విభాగంలో కూర్చుంటాను అని. "మీరు స్టాఫ్ కాదు, రోగుల ఫైళ్ళు చూపించలేం" అన్నారు. వాళ్ళ కారణం వాళ్ళది. రెండోసారి అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

ల్యాబులో గొట్టం ఫీడ్ ఎన్నిసార్లు కలిపించానో లెక్కలేదు. అది మూసుకుపోవడం నేను చూడలేదు. మీరు రాసింది చదివాక ఆ పాఠం నేను ఎలా చెబుతున్నానో గుర్తు తెచ్చుకున్నాను. గొట్టం కడగాలని ఒక్క వాక్యం చెప్పి ముందుకు వెళ్ళిపోతున్నాను.

రిటైర్డ్ సూపర్‌వైజర్:

నేను హోమ్ సైన్స్ చదివి, అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకంలో చేరాను. ఆ పథకం 1975లో మొదలైంది. ఉదయగిరి వైపు పల్లెల్లో నా ఉద్యోగం సగం గడిచింది.

నిన్న ఏం తిన్నారని అడిగి రాయడం పుస్తకంలో తేలిక. "పప్పు ఎంత వేశావమ్మా?" అంటే "గుప్పెడు" అంటుంది. ఎవరి గుప్పెడు? ఆమెదా, అత్తదా? ఆ గుప్పెడు పప్పు ఎనిమిది మందికి వండితే మూడేళ్ళ బిడ్డ పళ్ళెంలోకి వచ్చింది ఎంత? నేను ఇంటికి తక్కెడ తీసుకెళ్ళేదాన్ని. వండకముందు తూచాలి, లేకపోతే రాసిందంతా దండగ. చివర తినే కోడలికి అడుగున నీళ్ళే మిగులుతాయని కాగితం మీద ఎక్కడా కనిపించదు. పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చుంటే కనిపిస్తుంది.

కావలి నాన్నగారూ, మీరు రెండేళ్ళ ఆసుపత్రి అని గీత గీస్తే నాలాంటివాళ్ళు కూడా బయటే ఉంటారు. పొదిలి అబ్బాయి అడిగిన ప్రశ్నకు అప్పుడు కూడా జవాబుండదు.

కావలి నాన్న:

అమ్మా, మీ మాటతో నా గీత చెరిపేస్తున్నాను. అందరికీ రెండేళ్ళ ఆసుపత్రి అన్నది తొందరపాటు. ఎంజైముల పాఠానికి అక్కర్లేదన్న మేడమ్ మాటా సరే. కానీ క్లినికల్ పేపరు, కౌన్సెలింగ్ పేపరు చెప్పేవాళ్ళకు వార్డు తెలిసి ఉండాలి, కమ్యూనిటీ పేపరు చెప్పేవాళ్ళకు ఊరు తెలిసి ఉండాలి. ఆ మార్కుల పట్టికలో అలాంటి ఏళ్ళకు చోటు ఉండాలి. దీని మీద నేను వెనక్కి తగ్గను. 2022లో యూజీసీ "ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్" అని, రంగంలో పనిచేసిన నిపుణులను పాఠాలకు తీసుకునే పోస్టు ఒకటి పెట్టింది కదా, దాంతో డైటీషియన్లను తీసుకోవచ్చు కదా?

ఒంగోలు డైటీషియన్:

దానికి 15 ఏళ్ళ అనుభవం కావాలండీ, అదీ నాలుగేళ్ళకు మించి ఉంచరు. మన వైపు ఆసుపత్రుల్లో డైటీషియన్ జీతానికి 15 ఏళ్ళు నిలబడినవాళ్ళు నాకు తెలిసి ఇద్దరు. మిగతావాళ్ళు హైదరాబాద్, బెంగళూరు వెళ్ళిపోయారు, లేదంటే పెళ్ళయ్యాక మానేశారు. 2021లో డాక్టర్లు, నర్సులు కాని మిగతా వైద్య వృత్తులవాళ్ళ కోసం అలైడ్ హెల్త్‌కేర్ చట్టం వచ్చి డైటీషియన్లను కూడా అందులో చేర్చింది. గుర్తింపు గట్టిగా అమలైతే జీతాలు మారతాయేమో, అప్పుడు అనుభవం ఉన్నవాళ్ళు మిగులుతారు. నాకు ఆశ ఉంది.

నెల్లూరు లెక్చరర్:

మార్కుల పట్టిక విషయంలో నాకు ఇంకా భయమే. అనుభవ పత్రం ఎవరైనా ఏ నర్సింగ్ హోమ్ నుంచైనా తెచ్చుకుంటారు. కష్టపడి నెట్ రాసిన పిల్ల వెనకపడుతుంది. పత్రం ఎవరివ్వాలో తేల్చకుండా మార్కులు పెట్టొద్దు.

అది పక్కన పెట్టి ఒకటి అడుగుతాను. ఒంగోలు మేడమ్, మీ ఓపీలో కూర్చోనిస్తారా? నెలకు ఒక శనివారం వస్తాను. ఫైళ్ళు చూపించక్కర్లేదు, మీరు మాట్లాడేది వింటే చాలు.

ఒంగోలు డైటీషియన్:

మా మెడికల్ సూపరింటెండెంట్‌ను అడగాలి. రోగి ఒప్పుకుంటేనే లోపల ఉండనిస్తారు, అది నా చేతిలో లేదు. సోమవారం అడిగి ఇక్కడే రాస్తాను. ఒప్పుకుంటే కావలి నాన్నగారి అమ్మాయిని కూడా తీసుకురండి. చార్టు తేవద్దని చెప్పండి. మొదటి నెల ఇద్దరూ ఒక్కటే చేయండి: ఇంట్లో ఎవరు వండుతారు, ఉప్పు ఎవరు వేస్తారు, ఆ రెండు ప్రశ్నలు అడిగి జవాబు రాసుకోండి.