ఐర్లండ్‌లో పూర్వీకుల ఊరు వెతికినవాళ్ళు ఉన్నారా? చర్చి పుస్తకాలు, సర్కారు రికార్డుల అనుభవాలు చెప్పండి

లాలాగూడ_అమ్మాయి
అందరికీ నమస్తే. మాది సికింద్రాబాద్. అమ్మ వైపు వాళ్ళు ఆంగ్లో ఇండియన్లు, తరతరాలుగా రైల్వేలోనే పనిచేశారు. అమ్మమ్మ వాళ్ళ తాతగారి నాన్న ఐర్లండ్ నుంచి సైన్యంలో ఇక్కడికి వచ్చి, ఇక్కడే పెళ్ళి చేసుకుని ఉండిపోయారని ఇంట్లో చెప్పుకుంటారు. ఇంటిపేరు రయన్, పేరు మైకేల్. మా దగ్గర ఉన్నదల్లా 1874 నాటి పెళ్ళి నమోదు నకలు ఒక్కటే. అందులో తండ్రి పేరు థామస్ అని ఉంది కానీ పుట్టిన ఊరు లేదు. "టిప్పరరీ" అన్న మాట మాత్రం అమ్మమ్మ నోట చాలాసార్లు విన్నాను. ఐర్లండ్ ప్రభుత్వం వాళ్ళ ఉచిత సైట్‌లో ఆ పేరు కొడితే పేజీలకు పేజీలు వస్తున్నాయి. అందులో మావాళ్ళు ఎవరో ఎలా తేల్చుకోవాలి? అమ్మమ్మకు ఎనభై దాటాయి, ఆవిడ ఉండగానే ఆ ఊరి పేరు చెప్పాలని ఆశ.

డబ్లిన్15
నమస్తే అండి. మా ఆవిడది మాయో కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), వాళ్ళ వైపు వంశవృక్షం రాసే పని నేనే పెట్టుకున్నాను కాబట్టి ఈ రికార్డులతో బాగానే పరిచయం ఉంది. మీరు వెతుకుతున్న చోట ఆయన దొరికే అవకాశం లేదు. ఐర్లండ్‌లో జననాలు, మరణాలు, అన్ని మతాలవాళ్ళ పెళ్ళిళ్ళూ సర్కారు పుస్తకాల్లోకి ఎక్కడం 1864 జనవరి 1న మొదలైంది. అంతకుముందు 1845 ఏప్రిల్ నుంచి క్యాథలిక్కులు కానివాళ్ళ పెళ్ళిళ్ళు మాత్రమే రాసేవారు. 1874లో పెళ్ళయిన మనిషి 1864కి చాలా ముందే పుట్టి ఉంటాడు, అంటే జననాల్లో మీకు కనబడుతున్న రయన్‌లు అందరూ వేరేవాళ్ళే.

ఆయన పుట్టుక దొరికితే చర్చి జ్ఞానస్నానాల (బాప్తిస్మాల) రిజిస్టర్లోనే దొరకాలి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఐర్లండ్ వాళ్ళు క్యాథలిక్ విచారణల (విచారణ అంటే ఒక చర్చి గురువు కింద ఉండే ప్రాంతం) పాత రిజిస్టర్లు 2015 జులైలో ఆన్‌లైన్‌లో పెట్టారు. పైసా కట్టక్కర్లేదు, చాలావరకు 1880 దాకా ఉంటాయి. అయితే అవి ఒట్టి ఫొటోలు, పేరు కొడితే వెతికిపెట్టే ఏర్పాటు లేదు. విచారణ పేరు తెలిస్తే ఏడాది, నెల చూసుకుంటూ పేజీలు తిప్పుకోవాలి. పేర్ల సూచిక ఫైండ్‌మైపాస్ట్, ఆన్సెస్ట్రీ అనే వంశవృక్షాల సైట్లలో ఉంది కానీ పాత చేతిరాతను తప్పుగా చదివినవి అందులో చాలా ఉన్నాయి.

ఇక జనాభా లెక్కలు. 1821 నుంచి 1851 దాకా ఉన్నవి దాదాపు అన్నీ 1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో, డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని రికార్డు ఆఫీసుతో పాటు కాలిపోయాయి. 1861, 1871 లెక్కల్ని ప్రభుత్వమే నాశనం చేయించింది. 1881, 1891 కాగితాలు మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో గుజ్జుకు పోయాయి. పూర్తిగా మిగిలిన వాటిలో మొదటిది 1901, తర్వాత 1911. ఈ రెండూ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితం, కానీ అప్పటికి మీ మైకేల్ గారు ఇండియాలోనే ఉన్నారు కదా.

అందుకే మీకు ముందు ఊరు కావాలి. కౌంటీ పేరు సరిపోదు, అందులోనూ టిప్పరరీలో రయన్ అంటే మరీ కష్టం.

పాతకాగితం
పై ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఊరు తెలియకుండా ఐర్లండ్ రికార్డుల్లోకి దిగితే ఎవరో ఒక మైకేల్ రయన్‌ను మన తాత అనుకుని చెట్టుకు అంటగట్టేస్తాం, ఆన్‌లైన్‌లో ఉన్న చెట్లలో సగం అలా తయారైనవే అని నా అభిప్రాయం. వలస వెళ్ళినవాడి ఊరు ముందు వెళ్ళిన చోటి కాగితాల్లో వెతకాలి. మీ విషయంలో అవి సైన్యం కాగితాలు.

ఆ పెళ్ళి నకలు మళ్ళీ తీసి హోదా, వృత్తి అని ఉన్న గడి చూడండి. అక్కడ రెజిమెంటు పేరో, కనీసం ఏ దళమో ఉండాలి. అప్పట్లో ఇండియాలోని చర్చిలు బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల నకళ్ళు ప్రెసిడెన్సీ కేంద్రానికి పంపితే అవి లండన్ చేరేవి. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉన్నాయి, మద్రాసు ప్రెసిడెన్సీవి ఎన్/2 అనే వరుసలో వస్తాయి. స్కాన్లు ఫైండ్‌మైపాస్ట్‌లో దొరుకుతాయి. ఫిబిస్ అనే సంఘం వాళ్ళ సైట్‌లో ఉచితంగా కూడా కొంత వెతకొచ్చు. పెళ్ళి ఒక్కటే కాకుండా పిల్లలందరి బాప్తిస్మాలూ తీయండి, ఒకదాంట్లో లేని హోదా, దళం ఇంకోదాంట్లో ఉంటుంది.

దళం తెలిశాక చూడాల్సింది బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని డబ్ల్యూఓ 97 కాగితాలు. పింఛనుతో బయటికొచ్చిన సైనికుల డిశ్చార్జి పత్రాలు ఇవి. "ఫలానా విచారణలో, ఫలానా పట్టణం దగ్గర, ఫలానా కౌంటీలో పుట్టినవాడు" అని మొదట్లోనే రాసి ఉంటుంది. ఎత్తు, కళ్ళ రంగు, చేరకముందు చేసిన పని కూడా. పింఛను రాకుండా పోయినవాళ్ళవి 1883కి ముందు ఇందులో ఉండవు, సర్వీసులో ఉండగా చనిపోయినవాళ్ళవి సాధారణంగా ఉండనే ఉండవు. అలాంటప్పుడు మస్టర్ రోల్స్, అంటే దళాల హాజరు పట్టీలే దిక్కు.

ఇంకో మాట. మద్రాసు యూరోపియన్ రెజిమెంటు అని ఈస్టిండియా కంపెనీ కాలంలో ఉండేది, అది మద్రాసు ఫ్యుజిలియర్స్ అయి, 1862లో 102వ రెజిమెంటుగా రాణి సైన్యంలోకి మారి, 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్స్ మొదటి బెటాలియన్ అయింది. మన వైపు దండుల్లో ఐర్లండ్ వాళ్ళు అంతమంది ఉండేవారు. కంపెనీ సైనికుడైతే కాగితాలు వేరు, ఇండియా ఆఫీసు రికార్డుల్లోనే చూడాలి.

తిరుమలగిరి_వాసి
సమాధుల తోటలు కూడా చూడండి. తోటి సైనికులు చందాలు వేసుకుని పెట్టిన రాళ్ళ మీద ఒక్కోసారి సొంత కౌంటీ పేరు చెక్కి ఉంటుంది. ఇక్కడివాళ్ళకు ఇంకో సంగతి: సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ చర్చి కట్టించిన డేనియల్ మర్ఫీ గారిది కార్క్ కౌంటీయే, తర్వాత ఆయన టాస్మానియాలో హోబర్ట్ బిషప్‌గా వెళ్ళారు. లండన్‌కు వెళ్ళింది నకలు, అసలు పుస్తకం చర్చిలో ఉంటుంది. విచారణ గురువును మర్యాదగా అడిగి చూడండి, తొందరపెట్టకండి.

కార్క్_కోడలు
అమ్మాయ్, నేనూ కొంచెం చెప్తాను. మా అత్తగారిది వెస్ట్ కార్క్, ఆవిడకు కళ్ళు సరిగా కనబడవని రిజిస్టర్ ఫొటోలు నేను చదివి వినిపించేదాన్ని. పేజీ తెరవగానే భయపడకు. చాలాచోట్ల లాటిన్‌లో రాసి ఉంటుంది. జేమ్స్ అని ఉండదు, జకోబస్ అని ఉంటుంది. విలియమ్ గులియెల్మస్, జాన్ జోఆన్నెస్, బ్రిజెట్ బ్రిజిడా. ఒక్కో నమోదు ఒకే ఒక్క లైను: తేదీ, బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, చివర ఇద్దరు జ్ఞాన తల్లిదండ్రులు, అంటే జ్ఞానస్నానంలో బిడ్డ తరఫున నిలబడేవాళ్ళు. అదృష్టం ఉంటే పక్కన టౌన్‌ల్యాండ్. ఈ టౌన్‌ల్యాండ్ అంటే మన ఊళ్ళ కింద ఉండే శివారు లాంటిది, ఐర్లండ్ మొత్తంలో అరవై వేలకు పైనే ఉన్నాయి, పోస్టల్ చిరునామాలో ఇప్పటికీ వాడతారు.

ఇక్కడ నాకు భలే నచ్చిన సంగతి, క్యాథలిక్ పుస్తకాల్లో తల్లిని పుట్టింటి పేరుతోనే రాస్తారు. థామస్ రయన్‌లు వందమంది ఉన్నా, థామస్ రయన్ ప్లస్ హొనోరా డ్వయర్ అన్న జంట ఒక విచారణలో ఒకటో రెండో ఉంటాయి. కాబట్టి ఎప్పుడూ జంటను వెతుకు, ఒక్క మనిషిని కాదు. జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు తప్పకుండా రాసుకో, వాళ్ళు చాలాసార్లు పిన్నో బాబాయో మేనమామో అయ్యుంటారు.

పేర్లు పెట్టే పద్ధతి మనకు చాలా దగ్గర. పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు. పెద్ద కూతురికి అమ్మమ్మ పేరు, రెండో పిల్లకి నాయనమ్మ పేరు. అందరూ కచ్చితంగా పాటించారని కాదు గానీ, మీ మైకేల్ గారి పెద్ద కొడుకు పేరు థామస్ అయితే దారి సరైనదే అనుకోవచ్చు. ఆయన పెద్ద కూతురి పేరు ఆయన భార్య తల్లిది, రెండో కూతురి పేరు ఆయన తల్లిది కావచ్చు. అమ్మమ్మను ఇది అడుగు, కంప్యూటర్ కంటే ముందు అడుగు.

వయసులు మాత్రం నమ్మకు. 1909 జనవరిలో డెబ్బై ఏళ్ళు దాటినవాళ్ళకు పింఛను మొదలైంది, వయసుకు రుజువు లేనివాళ్ళే ఎక్కువ. 1901లో యాభై ఐదు అని రాసినవాళ్ళు 1911లో డెబ్బై అయిపోతారు. పుట్టిన తేదీ కూడా అంతే. 1864 తర్వాత ఆలస్యంగా నమోదు చేస్తే జరిమానా ఉండేది, అందుకని అసలు పుట్టిన రోజు కంటే తర్వాతి తేదీ చెప్పేవారు. మా అత్తగారి నాయనమ్మకు సర్కారు పుస్తకం ప్రకారం పుట్టకముందే జ్ఞానస్నానం అయిపోయింది! చర్చి తేదీనే పట్టుకోవాలి.

గుంటూరు_టు_గాల్వే
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఇలా రుజువైతే ఐర్లండ్ పాస్‌పోర్టు వస్తుందా?

డబ్లిన్15
రాదండి ఈ కేసులో. తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మల్లో ఒకరు ఐర్లండ్ దీవిలో పుట్టి ఉంటే ఫారిన్ బర్త్స్ రిజిస్టర్‌లో (విదేశాల్లో పుట్టినవాళ్ళ పట్టీలో) చేరి పౌరసత్వం తీసుకోవచ్చు. దానికి సర్కారు సర్టిఫికెట్లు కావాలి, చర్చి ఫొటోలు చాలవు. ఇంకా వెనక తరమైతే, మీరు పుట్టకముందే మీ అమ్మో నాన్నో అందులో నమోదై ఉండాలి. ఇక ఎవరైనా ఉత్తరాన ఆంట్రిమ్, డౌన్ వైపు వెతుకుతుంటే, నార్తర్న్ ఐర్లండ్‌లోని ఆ ఆరు కౌంటీల రికార్డులు 1922 నుంచి బెల్‌ఫాస్ట్‌లోని జీఆర్‌ఓఎన్‌ఐ అనే జనన మరణాల నమోదు ఆఫీసు దగ్గర ఉంటాయి, డబ్లిన్ సైట్‌లో దొరక్క టెన్షన్ పడకండి.

లాలాగూడ_అమ్మాయి
మీ అందరికీ చాలా చాలా థాంక్స్. పాతకాగితం గారు చెప్పినట్టు పిల్లల బాప్తిస్మాలు తీస్తే ఒకదాంట్లో "గన్నర్, రాయల్ ఆర్టిలరీ" అని స్పష్టంగా ఉంది. దాన్ని పట్టుకుని డిశ్చార్జి కాగితం దొరికింది!! "అప్పర్‌చర్చ్ విచారణ, థర్లెస్ పట్టణం దగ్గర, టిప్పరరీ కౌంటీ." చేరకముందు కూలి. సంతకం చోట ఇంటు గుర్తు, పక్కన "అతని గుర్తు" అని గుమస్తా రాశాడు. ఆ గుర్తును పెద్దది చేసి అమ్మమ్మకు చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఆ ఊరి పేరు పలకడం నేర్పమంది.

అమ్మమ్మ చెప్పిన ప్రకారం పెద్దకొడుకు థామస్, రెండో కూతురు హొనోరా, అంటే కార్క్ అక్క చెప్పిన లెక్క సరిపోతోంది. ఇప్పుడు అప్పర్‌చర్చ్ రిజిస్టర్ తెరిచాను. థామస్ రయన్ పేరు ప్రతి పేజీలో ఉంది. రయన్ పక్కన ఇంకేదో చిన్న పదం కూడా కొన్నిచోట్ల రాసి ఉంది, అది ఏంటి?

డబ్లిన్15
అది ఆ కుటుంబం గుర్తింపు పేరు. టిప్పరరీ, లిమెరిక్ వైపు రయన్‌లు ఎంతమంది అంటే, ఒక శాఖను ఇంకో శాఖ నుంచి వేరు చేయడానికి తాత పేరో, ఒంటి రంగో తగిలించి పిలిచేవారు. సర్కారు పుస్తకాల్లో కూడా అది కనిపిస్తుంది. మీకు అది వరం, వదలకండి. ఆ విచారణ ఉన్న క్యాషెల్ అండ్ ఎమ్లీ డయోసిస్ (ఆర్చ్‌బిషప్ పరిధి) పుస్తకాలు ఒకప్పుడు ఆర్చ్‌బిషప్ అనుమతి ఉంటేనే చూడనిచ్చేవారు, ఇప్పుడు మీరు ఇంట్లో కూర్చుని చూస్తున్నారు.

తర్వాత గ్రిఫిత్స్ వాల్యుయేషన్ చూడండి. 1847 నుంచి 1864 మధ్య పన్ను కోసం ఐర్లండ్ అంతా తిరిగి ఎవరి చేతిలో ఎంత భూమి, ఎవరి ఇల్లు అని రాశారు. ఇంటి పెద్ద పేరు మాత్రమే ఉంటుంది, పెళ్ళాం పిల్లలు ఉండరు, కానీ టౌన్‌ల్యాండ్, మ్యాపు నెంబరు ఉంటాయి. దానికి కొనసాగింపుగా డబ్లిన్‌లో దిద్దుబాటు పుస్తకాలు ఉన్నాయి. యజమాని మారినప్పుడల్లా పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాశారు, ఏ ఏడాది దిద్దితే ఆ ఏడాదికి ఒక రంగు సిరా. ఎర్ర గీత కింద తండ్రి పేరు, దాని మీద కొడుకు పేరు చూస్తే, తండ్రి ఎప్పుడు పోయాడో దాదాపుగా తెలిసిపోతుంది.

పాతకాగితం
డబ్బులు కట్టే రూట్స్‌ఐర్లండ్ అనే సైట్‌లో కౌంటీ కేంద్రాలవాళ్ళు చదివి ఎక్కించిన సూచిక ఉంది. స్థానికులు చదివింది కాబట్టి ఇంటిపేర్లు సరిగ్గా ఉంటాయి, ఒక నెలకు కట్టి పని పూర్తిచేసుకోవడం మంచిది.

కార్క్_కోడలు
నేను మాత్రం ముందు ఉచిత ఫొటోల్లోనే పేజీలు తిప్పమంటాను. అలా తిప్పితేనే పక్కింటివాళ్ళు, జ్ఞాన తల్లిదండ్రులు కళ్ళబడతారు. ఆగిపోతే అప్పుడు కట్టొచ్చు. అమ్మాయ్, వీలుంటే అమ్మమ్మ చేత డీఎన్ఏ టెస్టు చేయించు, నువ్వు చేయించుకోవడం కంటే ఆవిడదే మేలు, రెండు తరాలు దగ్గర.

లాలాగూడ_అమ్మాయి
దొరికింది!! 1848 అక్టోబర్, మైకేల్, తండ్రి థామస్ రయన్, తల్లి హొనోరా డ్వయర్. అక్క ఉదాహరణకు చెప్పిన పేరే రావడం చూసి చేతులు వణికాయి. తర్వాతి పదేళ్ళలో అదే జంటకు ఇంకో నలుగురు పిల్లలు, అన్నీ ఒకే టౌన్‌ల్యాండ్. కరువు రోజుల్లో పుట్టి బతికాడన్నమాట. ఇప్పుడు వాళ్ళ సంగతి ఏమైందో ఎలా తెలుసుకోవాలి?

డబ్లిన్15
శుభం! ఇప్పుడు మీరు మొదట తెరిచిన సర్కారు సైట్ పనికొస్తుంది. థామస్, హొనోరా 1864 తర్వాత పోయి ఉంటే మరణ నమోదు ఉంటుంది. అందులో వాళ్ళ తల్లిదండ్రుల పేర్లు ఉండవు గానీ, టౌన్‌ల్యాండ్, సమాచారం ఇచ్చినవాళ్ళ పేరు ఉంటాయి. ఆ చెప్పినవాళ్ళు చాలావరకు కొడుకో కోడలో. తమ్ముళ్ళు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు కూడా అక్కడే, తండ్రి పేరుతో సహా. పెళ్ళి సాధారణంగా పెళ్ళికూతురి విచారణలో జరిగేది, కాబట్టి పక్క విచారణలు కూడా చూడాలి. టౌన్‌ల్యాండ్ పేరు నాకు మెసేజ్ చేయండి, 1901 లెక్కలో ఆ ఇంట్లో ఎవరున్నారో, ఇంటికి ఎన్ని గదులో, పైకప్పు గడ్డిదో పలకదో ఈ రాత్రికి తీసి పెడతాను.